బెంచీ మీద శౌరమ్మ

"ఈ ఆదివారం కూడా నలుగురమే," అంటూ లక్ష్మీకాంత్ పార కింద పడేశాడు.

పటమటలో వాళ్ళ కాలనీకి ఇరవై రెండు ఇళ్ళు. చెత్త పోసే ఖాళీ స్థలాన్ని అందరూ కలిసి పార్కు చేసి రెండేళ్ళయింది. మొదట్లో ఆదివారం పొద్దున్నే ఇంటికొకరు పనికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు పిలిచి పిలిచి లక్ష్మీకాంత్ నోరు నొప్పెట్టడమే మిగిలింది. రోజూ మొక్కలకు నీళ్ళు పెట్టేదీ అతనే. నీళ్ళు పొద్దున ఐదున్నరకు వస్తాయి, ఆరుంబావుకు ఆగిపోతాయి. అతను నీళ్ళ ఆఫీసులో అర్జీ పెట్టిన నెలకే, ఓ సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చేసరికి గోడ పక్కన కుళాయి వెలిసింది. ఇన్ని తంటాల్లో తను సాధించానని చెప్పుకోగలిగింది అదొక్కటే. మొన్న డిసెంబరు నెలాఖర్లో రెండు రోజులు నీళ్ళు రాకపోతే ఆఫీసు వాళ్ళను ఇంట్లో కూర్చునే తిట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఎదురింటి బసవపున్నయ్య వేపచెట్టు కింది బెంచీ వైపు కళ్ళతో చూపించాడు.

"మనం చెమటలు కక్కాలి, ఆవిడేమో గాలి పోసుకోవాలి. క్రిస్మస్‌కి గన్నవరం చెల్లెలింటికి పోయొచ్చినా సరే, రాగానే బెంచీ ఎక్కేస్తది. పని చేసినోళ్ళకే బెంచీలని రూలు పెట్టవయ్యా!"

బెంచీ మీద ఉన్నది గోడ అవతలి ఇంటి శౌరమ్మ. ఒంటరి మనిషి. రెండేళ్ళలో ఒక్క గడ్డిపోచ పీకింది లేదు. బసవపున్నయ్యతో వాదించే ఓపిక లేక లక్ష్మీకాంత్ వెళ్ళి ఆవిడకు రూలు చెప్పాడు.

"ఆదివారం చర్చి ఉంటది కదా బాబూ," అంది శౌరమ్మ.

"మిగతా ఆరు రోజులున్నాయి కదండీ. ఒక్క మొక్కకైనా నీళ్ళు పోశారా?"

"మోకాళ్ళు వంగవు నాయనా. నాకు చాతనైంది చేస్తన్నా."

ప్రార్థన సంగతి కాబోలనుకున్నాడు. "అందరికీ ఒకటే రూలండీ."

"సరేలే." ఆవిడ చేతికర్ర ఆనించుకుని లేచింది. గేటు దగ్గర ఆగి, "ఆ మల్లెమొక్కకు కాస్త ఎక్కువ పెట్టు, వాడిపోతా ఉంది," అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు బెంచీ ఖాళీగానే ఉంది. అటు చూసినప్పుడల్లా లక్ష్మీకాంత్ మనసు చివుక్కుమనేది. నీళ్ళు మాత్రం ఐదున్నరకల్లా వచ్చేవి.

ఐదో రోజు నీళ్ళ ఆఫీసు ఫిట్టరు నాని ఓ పాత కాగితం పట్టుకుని వచ్చాడు.

"లక్ష్మీకాంత్ గారంటే మీరేనా అండీ? మీ పార్కుకి కుళాయి శాంక్షనైంది. ఎక్కడ బిగించమంటారు?"

"రెండేళ్ళ నించీ వాడుతున్నాంగా! అదుగో."

నాని వంగి చూశాడు. "ఇది మాది కాదండీ."

పార అందుకుని పైపు వెంట మట్టి తీశాడు. పైపు రోడ్డు వైపు పోలేదు, గోడ కిందకు దూరింది. లక్ష్మీకాంత్ గోడ మీదుగా తొంగి చూశాడు.

అవతల అది శౌరమ్మ ఇంటి మోటారుకు బిగించి ఉంది.