తొంభై ఒక్క శాతం

"వంద షాట్లు కొడితే తొంభై ఒకటి ఆపాడు గురూ!"

జట్టు నేస్తం డ్వేన్ ఆ మాట అనేసి, తెచ్చిన ఆలుగడ్డ కూరిన కుడుముల, అదే పెరోగీల, గిన్నె తీరిగ్గా బల్ల మీద పెట్టాడు. ఒరెస్ట్‌కు ఒళ్లు మండిపోయింది. తనది ఎనభై ఆరు శాతం. ఊరి ఐస్ హాకీ జట్టుకు ఏళ్ల తరబడి గోల్‌కీపర్ తనే. ఎవరైనా వంక పెడితే ఆ అంకె చెప్పి నోరు మూయించేవాడు. మోకాలు బెణికి నాలుగు వారాలు ఇంట్లో పడి ఉండేసరికి ఎవడో కొత్తవాడు దిగాడు.

"ఎక్కడి నుంచి కొట్టారట? ఆ చివర నుంచి విసిరిందీ, ముక్కు మీదికొచ్చి కొట్టిందీ ఒకటేనా? శాతాలదేముందిరా!"

"అబ్బో! ఇన్నాళ్లూ శాతం, శాతం అని మా చెవులు చిల్లులు పొడిచిందెవరు?"

ఒరెస్ట్ మాట మార్చాడు. "ఇంతకీ ఎలాంటివాడు?"

"బంగారం! గోల్ వదిలి అంగుళం కదలడు. గోల్ పడినా మమ్మల్ని తిట్టడు. ఆటయ్యాక మన బీరు ముట్టడు."

"ఏ ఊరు?"

"ఏమో, నోరు విప్పితేగా! మీసాలు మాత్రం అచ్చం నీవే." డ్వేన్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

మీసాలు కూడానా! ఒరెస్ట్ పెరోగీల గిన్నె పక్కకు నెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం చేతికర్ర తీసుకున్నాడు. ఒక భుజాన తన ప్యాడ్ల సంచీ.

"ఆ కాలుతో ఎక్కడికి?" భార్య లేసియా అడ్డొచ్చింది.

"వాడి మొహం చూసొస్తా."

"నీకు మోకాలి నొప్పి కంటే కుళ్లే ఎక్కువగా ఉంది."

నిజమే. కుళ్లే. కెనడాలోని ఆ సస్కాచెవాన్ చలి కూడా దాన్ని చల్లార్చలేకపోయింది. వాడు నిజంగా అంత మొనగాడైతే ప్యాడ్లు వాడి ముందు పడేసి, మళ్లీ ఆ ఐస్ రింక్ గడప తొక్కకూడదని దారిలోనే తీర్మానించుకున్నాడు.

లోపల ప్రాక్టీసు సాగుతోంది. గోల్‌కు అడ్డంగా జట్టంతా మూగి ఉంది. దబ్బుమని చప్పుడు. ఆపాడు. మళ్లీ దబ్బు. మళ్లీ ఆపాడు. ఒరెస్ట్ పళ్లు కొరికాడు.

"ఒరేయ్, తప్పుకోండ్రా! మొహం చూపించమనండి వాణ్ని!"

అందరూ వెనక్కి తిరిగారు. నవ్వాపుకోలేక ఒకరి మీద ఒకరు పడుతూ పక్కకు జరిగారు.

గోల్ కడ్డీలకు తాళ్లతో బిగించి, గోల్ పడేందుకు మూలల్లో కన్నాలు కోసిన పాత టార్పాలిన్ పట్టా ఒకటి, బొగ్గుతో గీసిన ఒరెస్ట్ గుబురు మీసాలతో వేలాడుతోంది.