వంటింటి స్విచ్చి

వాన వెలిసిన ఒక ఉదయం వెంకటనరసమ్మగారి అరుగు ముందు ఒక సాయిబు వచ్చి నిలబడ్డాడు.

నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, ఒక ఇనపచువ్వ, రెండు పొడుగు తీగల చివర కట్టిన బల్బు.

పేరు అబ్దుల్ మజీద్ అని చెప్పాడు. ఒక కంట్రాక్టరు మనిషి ఏలూరులో కరెంటు దీపాలు పెట్టిన ఇళ్లన్నీ వరసగా చూస్తున్నాననీ, ఇది ఏడో ఇల్లనీ అన్నాడు.

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చానండి."

ఆవిడకు అనుమానం కలిగింది. అది పాత పెంకుటిల్లు. కరెంటు పెట్టించి ఏడాదయింది. కొడుకు సోమసుందరం తాడేపల్లిగూడెంలో మాస్టరు. శనివారం వచ్చి సోమవారం పొద్దుటి బండికి పోతాడు. మిగతా రోజుల్లో ఇంట్లో తనూ, కోడలు మంగాయమ్మా.

అయినా అరుగుమీది దీపం చూడమంది.

అతను స్విచ్చి ఆపాడు. దీపం ఆరింది. బల్బు ఊడదీసి, తన తీగల్లో ఒకటి హోల్డరులో ఆనించి, రెండోది తడినేలలో గుచ్చిన ఇనపచువ్వకు తాకించాడు.

అతని బల్బు వెలిగింది.

"ఆపేసిన దీపంలోకి ఇదెక్కణ్ణించి వచ్చింది సాయిబూ?"

అతను నెమ్మదిగా చెప్పాడు. కరెంటు ఒక తీగలో వచ్చి, రెండో తీగలో పోతుంది. స్విచ్చి వచ్చే తీగను ఆపాలి. ఇక్కడ పోయే తీగను ఆపుతోంది. అందుకని దీపం ఆరుతుంది గాని, కరెంటు దీపం దాకా వచ్చే ఉంటుంది. తడిచేత్తో తగిలితే మనిషి మిగలడు.

మెయిను స్విచ్చి ఆపి, అరుగుమీది తీగలు మార్చాడు. హాల్లో సరిగానే ఉంది. పడగ్గదిలో మళ్లీ తప్పు; అదీ సరిచేశాడు. ఆ పనివాడు చేతికి ఏది వస్తే అది బిగించుకుంటూ పోయాడనీ, గదిగదికీ చూసుకోవలసిందేననీ అన్నాడు.

వంటింటి గుమ్మంలో వెంకటనరసమ్మ అడ్డంగా నిలబడింది.

"ఇక్కడితో చాలు నాయనా. ఇది మడి వంటిల్లు."

"స్నానం చేసి వస్తానండి."

"నువ్వు గోదాట్లో మునిగొచ్చినా కుదరదు. మా అబ్బాయే చొక్కా విప్పి రావాలి" అని నవ్వింది.

అతనూ నవ్వాడు. గుమ్మం ఇవతలనుంచే లోపలికి చూశాడు. చెయ్యెత్తితే అందేంత కిందికి వేలాడుతోంది దీపం. పొగకు నల్లబడి ఉంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం కొడుకు ఇంట్లో ఉంటాడు. సాయిబు గుమ్మంలో నిలబడి చెబితే, అతను లోపల చేస్తాడు.

"అందాకా మెయిను ఆపకుండా ఆ దీపం మీద చెయ్యి వెయ్యకండి అమ్మగారూ."

ఆ మాట మూడుసార్లు చెప్పాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఆదివారం చెప్పిన వేళకే వచ్చాడు. సోమసుందరం అరుగుమీద కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. జరిగిందంతా తల్లి చెప్పింది. అతనికి నమ్మకం కుదరలేదు.

"ఎవరూ పంపకుండా, కూలి పుచ్చుకోకుండా ఇల్లిల్లూ తిరిగే వైర్‌మేన్ని నేనెక్కడా చూడలేదండి. కంట్రాక్టరుకు రాస్తాను. ఆయనే మనిషిని పంపుతాడు."

"నన్ను లోపలికి రానివ్వక్కర్లేదండి. మీరు చెయ్యండి, నేను చెబుతాను. పావుగంట పనండి."

"వద్దన్నాను కదండీ."

మజీద్ మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు. మెయిను సంగతి పెద్దావిడకు మరోసారి గుర్తుచెయ్యమని అడిగి, వెళ్లాడు.

సోమసుందరం గుర్తుచేశాడు. ఆవిడ సరేనంది.

మంగళవారం అతను మళ్లీ వచ్చాడు. వారు ఊళ్లో లేరని మంగాయమ్మ తలుపు వెనకనుంచి చెప్పింది. అతను వంటింటి గోడవైపు ఒకసారి చూసి తిరిగిపోయాడు.

గురువారం ద్వాదశి. వెంకటనరసమ్మ నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగించే ముందు, నల్లబడిన దీపం తుడవాలనుకుంది.

మెయిను స్విచ్చి వీధి అరుగుమీద ఉంది. అందరూ ముట్టుకునేది. ముట్టుకుంటే మడి పోతుంది. మళ్లీ నీళ్లు పోసుకోవాలి.

మంగాయమ్మ పెరట్లో ఉంది. పిలిస్తే వచ్చి ఆపేది.

ఆవిడ పిలవలేదు. వంటింటి స్విచ్చి ఆపింది. దీపం ఆరింది. తడిచెయ్యి పైకెత్తింది.

కర్మకాండ అయిన తరవాత సోమసుందరం మజీద్ కోసం బయల్దేరాడు. కనపడితే ఏం చెప్పాలో అతనికి తెలియదు. కరెంటాఫీసులో ఆ పేరుగలవాళ్లు లేరన్నారు. ఊళ్లోని వైర్‌మేన్లు ఎరగమన్నారు. అడగ్గా అడగ్గా తంగెళ్లమూడిలో ఒక ఇల్లు చూపించారు.

మజీద్ ఇంట్లో లేడు. అతని భార్య గౌసియా తెర వెనకనుంచి మాట్లాడింది. ఆ కంట్రాక్టరు మనిషి తాడేపల్లిగూడెంలో కూడా దీపాలు పెట్టాడట. మజీద్ ఆ ఇళ్లు చూడ్డానికి వెళ్లాడట.

"మీ ఇల్లు చూసేశారా అండీ?"



"వంటిల్లు తప్ప" అన్నాడు సోమసుందరం.

ఏదో ఒకటి అడగాలని, ఆయన ఈ వైరు పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

"ఆయనకి ఆ పని రాదండి" అంది గౌసియా. "తివాచీలు నేస్తారు. ఆ మనిషే దీపాలు పెట్టిన ఒక ఇంట్లో పనికి కుదిరి, ఆపేసిన దీపం తుడుస్తూ మా అమ్మాయి నఫీసా పోయిందండి. అది పోయాక, ఆ ఒక్క తప్పు పట్టుకోవడం మాత్రం నేర్చుకున్నారు."