క్యాన్సిల్ ముందుండాలి

“చూసుకుని నొక్కండి!”

పోర్ట్‌బ్లెయిర్ సహాయ కేంద్రంలో ఆఫీసరు సత్యారావు గొంతు గోడలు దాటింది.

సునామీ వచ్చి రెండు నెలలు. జాడ తెలియనివాళ్ల పేర్లను కంప్యూటర్లో ఒక్కొక్కటిగా మృతుల జాబితాలోకి మార్చడం హిమబిందు పని.

“ఇంకో కేంద్రంలో బతికున్నవాణ్ణి చంపేశారు. నొక్కినమ్మాయిని నిన్ననే ఇంటికి పంపేశాం. ఇక్కడ అలాంటిదొక్కటి బయటపడితే నువ్వూ అంతే.”

“సార్, మా ఆయన నడుం విరిగి మంచాన పడున్నారు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగంతోనే.”

అప్పుడే గుమ్మంలోకి ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో కాగితం.

“ఏంటి తాతా?” అంది హిమబిందు కళ్లు తుడుచుకుంటూ.

ఆయన ఆమెను చూశాడు. సత్యారావును చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఏటీ లేదమ్మా. మంచినీల్లకొచ్చాను.”

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పేరు యర్రయ్యట. క్యాంబెల్ బే నుంచి ఓడలో వచ్చిపడ్డాడు. కూజాలో నీళ్లు తాగి, ఆమె వెనక బల్ల మీద కూర్చుని తెరకేసి చూసేవాడు. ఉన్నది ఒక్క ఫ్యాను. అదీ ఆయనవైపే తిరిగేది.

నాలుగో రోజు నోరు విప్పాడు.

“పేరు కొట్టగానే రెండు గుండీలొత్తన్నాయి. అయ్యేటమ్మా?”

“కన్ఫర్మ్ నొక్కితే పేరు మృతుల్లోకి పోతుంది. క్యాన్సిల్ నొక్కితే పోదు.”

“మీరు సదవకుండానే నొక్కేత్తన్నారు. ఏలు దానంతటదే పోతంది. క్యాన్సిల్ ముందెట్టించండమ్మా.”

ప్రోగ్రాం రాసిన మోహన్‌కృష్ణ పక్క కుర్చీలోంచి నవ్వాడు. “తాతా, ఏ కాలేజీలో చదివావు?”

“బోటులో తాళ్లు సూసే లస్కరుని బాబూ. తాడిప్పే ముందు ఓపాలి ఎనక్కి సూడమనీవోరు. మీ పెట్టె సూడనిత్తం లేదు.”

“దునియా మొత్తం కన్ఫర్మే ముందుంటుంది. ఎంటర్ కొడితే పని అయిపోవాలి.”

“పని అయిపోద్ది బాబూ. మనిసీ అయిపోతాడు.”

రోజూ ఇదే పాట. హిమబిందు టిఫిన్ డబ్బా మూత తీస్తే మాత్రం ఆయన మొహం కిటికీవైపు తిప్పుకునేవాడు.

“క్యాంపులో అన్నం పెడుతున్నారుగా తాతా?”

“ఆఁ, ఎడతన్నారమ్మా.”

ఇక ఆమె రెండోసారి అడగలేదు. ఎప్పుడైనా రెండు బిస్కెట్లు చేతిలో పెట్టేది, ఆ కాసేపైనా సలహాలు ఆగుతాయని.

చివరికి పోరు పడలేక మోహన్‌కృష్ణ బటన్లు అటుదిటు చేశాడు. ఎంటర్ కొడితే ఇప్పుడు క్యాన్సిల్ పడుతుంది.

“ఇదిగో తాతా, క్యాన్సిల్ ముందుకొచ్చింది. ఇక ఇంటికి జావో.”

యర్రయ్య తెరకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే హిమబిందు ‘ఎరుకమ్మ, హట్ బే’ అని కొట్టి, అలవాటుగా ఎంటర్ నొక్కింది. పేరు కదల్లేదు. విసుక్కుంటూ మళ్లీ చదివింది.

పక్క గడిలో ‘ఆసుపత్రిలో ఉంది’ అని ఉంది.

ఎంటర్ మీంచి వేలు తీసేసి మోహన్‌కృష్ణకు తెర చూపించింది.

“తాతకి టీ తాగించాలి దీదీ,” అన్నాడు మోహన్‌కృష్ణ మెల్లగా.

“టీ ఏంటి, అన్నమే పెడతాను.”

రెండు రోజులు ఇంకో డబ్బా మోసుకొచ్చింది. ఆయన రాలేదు. మూడో రోజు జెట్టీలో మూటలు మోసే జోగులు వచ్చాడు.

“దీదీ, మీ ఆఫీసులో కూర్చునే తాత జెట్టీ షెడ్డులో చచ్చిపోయాడు. తిండి లేదు, దానికి తోడు ఒళ్లు కాలిపోయే బుఖార్.”

“క్యాంపులో పెట్టలేదా?”

“లిస్టులో పేరు లేదని మొదట్నుంచీ రానివ్వలేదంట. జేబులో ఈ కాగితముంది. పేరెక్కించుకోండి.”

హిమబిందు పై మడత మాత్రం విప్పి, పేరు చూసి కొట్టింది. బొడ్డు యర్రయ్య, క్యాంబెల్ బే.

‘ఈ పేరు మృతుల జాబితాలో ఇప్పటికే ఉంది’ అంది తెర.

‘నొక్కినవారు’ అన్న గడిలో తన పేరే ఉంది.

కాగితం పూర్తిగా విప్పింది.

‘అయ్యా, పొరపాటున నన్ను చచ్చిపోయినవాళ్లలో రాసేశారు, నేను బతికే ఉన్నాను’ అని ఉంది. కింద తేదీ, ఆయన మంచినీళ్లకొచ్చానన్న రోజుది.