తెలుగులోనే చెప్పమ్మా

చీఫ్ సర్జన్ ప్రశ్న పూర్తికాకముందే దేదీప్య నోరు తెరిచింది.

జవాబు మాత్రం పక్కనున్న నీల్ చెప్పేశాడు.

"గుడ్, నీల్" అని చీఫ్ ముందుకు కదిలాడు. తెలిసిన జవాబు దేదీప్య నోట్లోనే ఉండిపోయింది.

నీల్‌ది ఆ ఆసుపత్రి కాలేజీయే. అందరికీ తెలిసినవాడు. దేదీప్య ఇల్లినాయ్‌లోని ఒక చిన్న మెడికల్ కాలేజీ నుంచి నెల రోజుల కోసం వర్జీనియా వచ్చింది. ఆమెకి ఎముకల సర్జన్ కావాలని పట్టుదల. వాళ్ల కాలేజీలో ఆ శిక్షణ ఇచ్చే రెసిడెన్సీ లేదు. అలాంటివాళ్లు పరాయి ఆసుపత్రికి వచ్చి, ఆ నెల రోజుల్లోనే చీఫ్ కంట్లో పడాలి. పడకపోతే మార్చిలో, ఎవరికి ఏ ఆసుపత్రిలో రెసిడెన్సీ సీటో తేల్చే మ్యాచ్ ఫలితాలు వచ్చిన రోజు ఏడుపే మిగులుతుంది.

ఇల్లినాయ్‌లో ఇంటి నుంచి, అరోరా నుంచి, వాళ్లమ్మ రోజూ ఫోన్‌లో ఒకటే పాట.

"ఫ్యామిలీ మెడిసిన్ చేసుకోవే తల్లీ. ఆ సుత్తులూ రంపాలూ నీకెందుకే?"

ఆమె వచ్చి అప్పటికి వారం. చీఫ్‌కి ఆమె పేరు కూడా తెలియదు.

ఆ రోజు నీల్ జవాబు చెప్పింది తిరుపతయ్య గారి మంచం దగ్గరే. ఆ దగ్గర్లోనే హెర్న్‌డన్‌లో కూతురింటికి వచ్చి, బాత్‌టబ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దాయన. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆయన ఏమీ మాట్లాడకుండా అందరి ముఖాలూ చూస్తూ పడుకున్నారు.

మర్నాడు పొద్దున మాత్రం పేచీ పెట్టారు.

"నొప్పి ఎలా ఉంది?" అని చీఫ్ ఇంగ్లీషులో అడిగితే, తెలుగులో ఏదో అన్నారు. నర్సు ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని కలిపి ఇస్తే, ఫోన్ పక్కకి నెట్టేశారు. తలుపు దగ్గర అందరి వెనకా నిలబడ్డ దేదీప్యకేసి వేలు చూపించారు.

"ఏమ్మా, తెలుగమ్మాయివేనా? ఇలా ముందుకు రా."

చీఫ్ మొదటిసారి ఆమెకేసి తిరిగాడు. "ఆయన భాష నీకు వచ్చా? పేరేమిటి నీది?"

వచ్చిన తెలుగు అంతంత మాత్రమే. అయినా తప్పలేదు.

తిరుపతయ్య గారు తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"తుంటి బంతి మొత్తం మార్చే ఆపరేషన్ ఉందటగా? నాకు రాడ్డే ఎందుకేశారో అడుగమ్మా."

దేదీప్య అది ఇంగ్లీషులో చెప్పింది. చీఫ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వే చెప్పు ఆయనకి."

"తాతగారూ, మీ ఫ్రాక్చర్ హిప్ బోన్ నెక్ కింద అయింది. బాల్‌కి బ్లడ్ సప్లై బానే ఉంది. సో, రీప్లేస్ చెయ్యక్కర్లేదు. రాడ్ పెడితే బోన్ అతుక్కుంటది."

ఆ తెలుగు చీఫ్‌కి కూడా అర్థమైపోయింది. తలూపాడు.

అంతే, ఇక రోజూ అదే తంతు. రాడ్డు మళ్లీ తీస్తారా? ఎప్పుడు నడవాలి? రక్తం గడ్డకడుతుందని సూది ఎందుకు? ఆయన అడగడం, ఈ పిల్ల మంచం పక్కన నిలబడి చెప్పడం, చీఫ్ వినడం. ఇంగ్లీషు రాని ముసలాయన చాదస్తం అనుకుంది దేదీప్య.

చాదస్తం పొద్దుటితో ఆగితే బాగుండేది. ఆయన ఫోన్ ముట్టుకోరని, నర్సులు ప్రతి చిన్నదానికీ దేదీప్యనే పిలవడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం భుజం కీలు మార్చే ఆపరేషన్‌లో చేయి వేసే అవకాశం వచ్చింది. సరిగ్గా అప్పుడే పిలుపు. వెళ్తే, సంగతి ఏమిటంటే ఆయనకి దిండు ఎత్తు చాలలేదట! తిరిగొచ్చేసరికి ఆమె చోటులో నీల్ ఉన్నాడు.

దేదీప్య కడుపు మండిపోయింది. మళ్లీ ఆ గదికి వెళ్లింది.

"మీ వల్ల నా ఛాన్స్ పోయింది తాతగారూ! నేను డాక్టర్ అవ్వడానికి వచ్చాను. మీకు ట్రాన్స్‌లేట్ చెయ్యడానికి కాదు!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"అయ్యో, దిండుకి కూడా నిన్నే పిలిచారా? తప్పయిపోయిందమ్మా. ఇక పొద్దున తప్ప పిలవరులే."

నిజంగానే ఆ తర్వాత పొద్దున తప్ప ఎవరూ పిలవలేదు. ఆయన్ని ఇంటికి పంపేసిన రోజు దేదీప్య ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. సారీ చెప్పాలనుకుంది గానీ, చెప్పడం కుదరలేదు. ఆ మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

మార్చిలో మ్యాచ్ అయింది. అదే ఆసుపత్రి, ఎముకల సర్జరీ. అమ్మ ఫోన్‌లో ఏడ్చేసింది.

చీఫ్ కూడా ఫోన్ చేశాడు. "ఆ పెద్దాయన మంచం దగ్గర రోజూ నువ్వు చెప్పేది విన్నాకే నిన్ను ఎంచుకున్నాను. లేకపోతే నీకు ఇంత తెలుసని నాకు ఎలా తెలుస్తుంది?"

జూన్‌లో హెర్న్‌డన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుంది. ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఒకావిడ పలకరించింది. ఆసుపత్రిలో ఒకసారి చూసిన ముఖమే, తిరుపతయ్య గారి కూతురు.

"నువ్వు నాన్న దగ్గరికి వచ్చే డాక్టరమ్మాయివి కదూ?"

"అవును ఆంటీ! తాతగారు ఎలా ఉన్నారు? నేను వచ్చి సారీ చెప్పాలి."

ఆవిడ చేతిలోని కూరల సంచి కింద పెట్టింది.

"నాన్న జనవరిలో పోయారమ్మా. గుండెపోటు."

దేదీప్యకి కళ్లనీళ్లు ఆగలేదు.

"సారీ ఆంటీ. ఇంగ్లీష్ రాక పాపం ఎంత కష్టపడ్డారో. నేనేమో కోప్పడ్డాను."

"ఇంగ్లీష్ రాకపోవడమేంటి?" ఆవిడ తెల్లబోయింది. "నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్లు కాలేజీ పిల్లలకి చెప్పింది ఇంగ్లీషే కదమ్మా! క్లాసులో అన్నీ తెలిసీ వెనకే ఉండిపోయే పిల్ల కనిపిస్తే చాలు, ఆ పిల్ల అందరి ముందూ గట్టిగా మాట్లాడేదాకా రోజూ తననే లేపి అడిగేవారు."