చెల్లి చేతి ముద్ద

"ఇది కాదు," అంది యూ-షియా, చెంచాను మోచేత్తో తోసేస్తూ.

పుట్టగొడుగుల అన్నం దుప్పటి మీద చెల్లాచెదురైంది. మెతుకులు ఏరుతూ కళ్ళు తుడుచుకుంది చెల్లెలు లీ-ఛింగ్. పొద్దున్నుంచీ ఆమె పొయ్యి దగ్గరే ఉంది. పుట్టగొడుగుల కాడలు సన్నగా తరిగి, సోయా సాస్‌లో కాస్త చక్కెర వేసి నిదానంగా మగ్గించి, ఉల్లినీ వెల్లుల్లినీ దగ్గరికి రానీయకుండా, అచ్చం శాకాహార హోటళ్ళలో చేసినట్టే చేసింది. వీధిలో పోయేవాళ్ళు సైతం ఆ వాసనకి తల తిప్పి చూశారు. తినాల్సిన మనిషి మాత్రం ముఖం గోడకి తిప్పుకుంది.

"పోనీ, నేనెవరో చెప్పక్కా. అదైనా చెప్పు."

యూ-షియా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఇది కాదు," అంది మళ్ళీ. పక్షవాతం ఆమెకి మిగిల్చిన మాటలు ఆ "ఇది కాదు", ఒక "అది", ఇంకో రెండు తిట్లూ.

ఆసుపత్రిలో ఇలా లేదు. నర్సు పెడితే కూరగాయల గంజి గిన్నెడూ ఖాళీ చేసిందట. కబురు తెలిసి లీ-ఛింగ్ ఆ గదిలో అడుగుపెట్టిన పూట నుంచే అక్క నోరు బిగించేసింది.

"నీ మీద కోపం చావలేదమ్మా, అంతే," అని పక్కింటావిడ తేల్చేసింది.

ఉండదా మరి! తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన అక్క. తను కోరుకున్న పెళ్ళికి ఆ అక్క అడ్డు చెప్పిందని, "నాకు అక్కే లేదు" అని గుమ్మంలో అరిచి వెళ్ళి, తల నెరిసేదాకా వెనక్కి చూడని చెల్లెలు. కోపం ఉంటే ఉండనీ. కానీ సోమవారంలోగా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. ఇవాళ శనివారం.

పక్కింటి వంటగదిలో పంది మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది. యూ-షియా బాగున్న చెయ్యి ఎత్తి ఆ వైపు చూపించింది.

"అది."

"ఛ, ఛ! నువ్వు మాంసం తినవక్కా! గ్వాన్‌యిన్ అమ్మవారికి మొక్కుకున్నావట కదా, మర్చిపోయావా?"

ఏళ్ళ తరబడి అక్క మాంసం ముట్టలేదనీ, ఏదో మొక్కనీ పక్కింటావిడే చెప్పింది. ఎందుకు మొక్కుకుందో ఆవిడకీ తెలియదు. బతికినన్నాళ్ళూ కాబోలు అనుకుంది లీ-ఛింగ్. ఇప్పుడు ఆ మొక్కు కూడా గుర్తు లేకపోతే ఇక అక్కలో అక్క ఏం మిగిలినట్టు? ఆమెకి భయం వేసింది.

మధ్యాహ్నం చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, గుడి సందులో అక్క రోజూ తినే శాకాహార హోటలుకి తోసుకెళ్ళింది. ఇక్కడా తినకపోతే ఇక దారి లేదు.

"ఏమే గయ్యాళీ, ఇన్నాళ్ళూ ఎక్కడ తగలడ్డావే?" అంటూ ఎదురొచ్చింది హోటలు యజమానురాలు కో పిన్ని. కళ్ళనిండా నీళ్ళతోనే అంది ఆ మాట. తర్వాత లీ-ఛింగ్ వైపు తిరిగింది. "కొత్తగా పనికి కుదిరావామ్మా? ఏజెన్సీ వాళ్ళు ఈసారి మంచి మనిషినే పంపారు."

లీ-ఛింగ్ తల వంచుకుని కుర్చీని బల్ల దగ్గరికి జరిపింది. చెల్లెలినని ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

కో పిన్ని నువ్వుల నూనెలో అల్లం వేయించి చేసిన సన్న సేమియా పులుసు తెచ్చింది. "ఇదంటే ప్రాణం దీనికి. రెండో గిన్నెకి కొట్లాడేది."

ఊరించడానికి లీ-ఛింగ్ ముందు తను ఒక చెంచా తాగింది. అల్లం ఘాటు వెచ్చగా కడుపులోకి దిగింది. తనూ నిన్నటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో చెంచా తాగింది, ఇంకోటి తాగింది. అంత రుచి నాలుకకి తగులుతుంటే ఆమెకి సిగ్గేసింది.

"ఎంత బాగుందో చూడక్కా. ఒక్క గుక్క."

యూ-షియా పెదవులు బిగించింది. ఎదురుగా, రోడ్డు అవతల, పంది మాంసం అన్నం అమ్మే బండి వైపు చెయ్యెత్తింది.

"అది."

లీ-ఛింగ్ గిన్నె వదిలేసి తడి నేల మీద మోకాళ్ళ మీద పడింది.

"కొట్టక్కా నన్ను! నీకున్న ఆ రెండు తిట్లూ నన్నే తిట్టు! ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న మొక్కు నా చేత చెడగొట్టించకు. నా చేతి కూడు వద్దంటే పోతాను, మళ్ళీ కనపడను. నువ్వు తిను చాలు!"

హోటల్లో చాప్‌స్టిక్స్ అన్నీ ఆగిపోయాయి.

"అక్కా?" అంది కో పిన్ని. "నీకెలా అక్క?"

"సొంత అక్క. నేను ఈవిడ చెల్లెల్ని. లీ-ఛింగ్‌ని."

కో పిన్ని ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, స్కూటర్లకి అడ్డం పడి రోడ్డు దాటి, ఒక గిన్నెతో తిరిగొచ్చింది. వేడన్నం మీద మాంసం ముక్కల కొవ్వు మెరుస్తోంది.

"పిన్నీ, ఇది శాకాహార హోటలు!" అన్నాడొకాయన.

"నోరు మూసుకుని నీ గిన్నెలోది తిను." గిన్నె తెచ్చి లీ-ఛింగ్ చేతిలో పెట్టింది. "పెట్టు."

"పాపం తగులుతుంది పిన్నీ, నా వల్ల కాదు."

"పెట్టవే!"

లీ-ఛింగ్ చెంచా ఎత్తింది. యూ-షియా నోరు తెరిచింది. నెమ్మదిగా నమిలి, చెల్లెలి ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా మింగి, మళ్ళీ నోరు తెరిచింది.

"అయిపోయింది, మొక్కు చెడిపోయింది," అని లీ-ఛింగ్ భోరుమంది.

కో పిన్ని ఆమె తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు తిరిగొచ్చేదాకానే మీ అక్క మొక్కు."