పెంగ్ బిగిస్తే కదలదు

"పెంగ్ అన్నా, సీటు మళ్ళీ దిగింది."

పోస్టాఫీసు గుమాస్తా యూషెంగ్ తన రోడ్ బైకును షాపులోకి తోసుకొచ్చి స్టాండుకు తగిలించాడు. మెకానిక్ పెంగ్ తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

"మళ్ళీనా?"

"రెండు వేళ్ళంత. ఘాట్ ఎక్కుతుంటే మోకాళ్ళు చచ్చిపోతున్నాయి. ఆదివారం వూలింగ్ కొండెక్కే పోటీ ఉందని నీకు తెలీదా?"

పూలి ఊళ్ళో ఆ పోటీ సంగతి తెలియనివాడు లేడు. పెంగ్ బాధ పోటీ గురించి కాదు. ఆ సీటు రాడ్డును మొదట మామూలుగా బిగించాడు. దిగింది. జారకుండా గరుకు పేస్టు పూసి బిగించాడు. దిగింది. రాడ్డును పట్టి ఉంచే క్లాంపు తీసి పారేసి కొత్తది వేశాడు. అదీ దిగింది! సైకిల్‌కి దయ్యమేదో పట్టిందనుకోవడం ఒక్కటే మిగిలింది.

పక్కన అగరొత్తుల కొట్టు గ్వో రోజూ టీకి ఇక్కడికే వస్తాడు. టీ ఒక వంక. అసలు పని పెంగ్‌ని ఆటపట్టించడం.

"ఏంట్రా పెంగూ, చేతుల్లో సత్తువ తగ్గిందా? పోనీ మా ఆవిణ్ణి పంపించనా? ఊరగాయ సీసా మూత ఆవిడ బిగించిందంటే మా వీధిలో ఎవడూ తియ్యలేడు."

"నువ్వు నోరు మూసుకుని టీ తాగు."

పెంగ్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! 'పెంగ్ బిగిస్తే కదలదు' అని వాళ్ళ నాన్న చెక్క బోర్డు మీద బంగారు అక్షరాలతో చెక్కించి గుమ్మానికి కొట్టాడు. ఇన్నేళ్ళూ దాన్ని చూసి నవ్వినవాడు లేడు. ఇప్పుడు వచ్చేపోయే ప్రతివాడూ తలెత్తి ఆ బోర్డు చదువుతున్నాడు, తల దించి ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

సైకిల్ చుట్టూ తిరిగి చూశాడు పెంగ్. చక్రాలు తళతళలాడుతున్నాయి. గొలుసు మీద మరక కూడా లేదు.

"ఇంత శుభ్రంగా ఉంచుతున్నావే! నువ్వేనా తుడిచేది?"

"నాకంత ఓపికెక్కడిదన్నా? అంతా మా అత్తగారే. నేను ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ గుడ్డ పట్టుకుంటుంది. అల్లుడి సైకిలంటే ఆవిడకి ప్రాణం."

"పెట్టి పుట్టావయ్యా. నేను ఎదురుపడితే మా అత్తగారు వీధి దాటి అవతలికి పోతుంది," అన్నాడు గ్వో.

"ఏం పెట్టి పుట్టడంలే! సీటు దిగేది నా బరువుకే అంటుంది ఆవిడ. 'ఆ మెకానిక్‌ని అని ఏం లాభం అల్లుడూ, ముందు నీ పొట్ట సంగతి చూడు' అని పంది మాంసం అన్నం మానిపించేసింది. నా గిన్నె కూడా ఆవిడే లాగించేస్తోంది, నా కళ్ళ ముందే!"

గ్వో పగలబడి నవ్వాడు. చేతిలో టీ చొక్కా మీద ఒలికింది. అయినా నవ్వు ఆపలేదు.

పెంగ్ మాత్రం నవ్వలేదు. రాడ్డు బయటికి లాగి తుడిచాడు. మళ్ళీ పేస్టు పూశాడు. సరిగ్గా యూషెంగ్ ఎత్తుకి కొలిచి నిలబెట్టాడు. ఇలాంటి సైకిళ్ళకి మరీ అంత బిగించకూడదని అందరికీ చెప్పే మనిషి, ఆ రోజు పళ్ళు కొరుకుతూ మెడ నరాలు తేలేదాకా బిగించాడు.

"విను యూషెంగ్. శుక్రవారంలోగా ఇది వెంట్రుకవాసి దిగినా సరే, మా నాన్న పెట్టిన ఆ బోర్డు నా చేతుల్తో నేనే దించేస్తాను."

"అంత మాటెందుకన్నా?"

"అన్నాను. అంతే!"

"దీనికి నేను సాక్షి," అన్నాడు గ్వో. వాడి సంగతి తెలిసిందేగా, అగ్గి ఎక్కడుంటే అక్కడ ఊదుతాడు.

శుక్రవారం పొద్దున ఫోను మోగింది. అవతల యూషెంగ్ గొంతు సవరించుకుంటున్నాడు.

"ఏమనుకోకన్నా... ఇంట్లోంచి బయల్దేరే ముందు కొలిచాను."

"ఎంత?"

"రెండు వేళ్ళు. నేను ఆఫీసుకి వచ్చేశాను, సైకిల్ ఇంట్లోనే ఉంది. సాయంత్రం తీసుకొస్తాను. నువ్వు మాత్రం ఆ బోర్డు జోలికి..."

పెంగ్ ఫోను పెట్టేశాడు. లోపలికి వెళ్ళి నిచ్చెన తెచ్చి గుమ్మానికి వేసి, సుత్తి పట్టుకుని ఎక్కాడు.

గ్వో కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఏదో సరదాకన్నానురా! సాక్షీ లేదు, గీక్షీ లేదు. దిగరా బాబూ, నీకు దణ్ణం పెడతాను."

"మాట మాటే."

బోర్డు మీద చెయ్యి వెయ్యగానే పెంగ్‌కి దుఃఖం ముంచుకొచ్చింది. అక్షరాల మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచాడు. సుత్తి వెనక కొక్కెంతో మొదటి మేకు పట్టుకుని లాగాడు. రాలేదు. నాన్న కొట్టిన మేకు మరి! ముక్కు ఎగబీల్చి మళ్ళీ లాగాడు. గ్వో కింద నిచ్చెన పట్టుకుని వీధి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అప్పుడే ఒక పొట్టి ముసలావిడ చెమటలు కక్కుతూ వచ్చి నిచ్చెన పక్కన నిలబడింది. తల మీద పూల టోపీ, చేతులకి ఎండ తగలకుండా పూల తొడుగులు.

"ఆ బోర్డు తర్వాత పీక్కుందువుగాని, ముందు కిందికి దిగు నాయనా. నీతో పనుంది."

"ఏం పని పెద్దమ్మా?" అన్నాడు పెంగ్, నిచ్చెన దిగుతూ.

"మా అల్లుడు యూషెంగ్ సైకిల్ సీటుని ఇక మీదట అంత రాక్షసుడిలా బిగించకయ్యా, రోజూ వాడు ఆఫీసుకి వెళ్ళాక దాన్ని ఊడదీసి నా ఎత్తుకి దించుకుని కొండ దాకా తొక్కొచ్చి, వాడొచ్చేలోగా మళ్ళీ ఏదో కంటి అంచనాగా పైకెత్తి పెట్టేసరికి నా మణికట్లు విరిగిపోతున్నాయి!"