లడ్డూ కాయిన్

“అన్నా, మళ్ళీ పైకొస్తుందా?” ఫోన్ చూపిస్తూ అడిగాడు అఖిల్.

“వెయిట్ చేయి. దేవుడి పేరు మీద పెట్టింది, ఎక్కడికి పోతుంది?” అన్నాడు శశికాంత్.

అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఏటా జరిగే వినాయకుడి లడ్డూ వేలంపాట ఈసారి లేదు. దాని బదులు శశికాంత్ ‘లడ్డూ కాయిన్’ అని ఒక క్రిప్టో మొదలుపెట్టాడు. తెలుగువాళ్ళంతా పోటీపడి కొన్నారు. నిమజ్జనం రోజు మధ్యాహ్నానికి దాని విలువ సున్నాకి పడిపోయింది.

లడ్డూ చేసిన కనకదుర్గ భర్తని పక్కకి పిలిచింది. “ఎవరో ఒక్కరే పెద్ద మొత్తంలో అమ్మేశారంట కదా. ఎవరండీ?”

శశికాంత్ హాలు వైపు చూశాడు. “మెల్లగా మాట్లాడు. మనకి లాస్ రాలేదు. రేపు నా జాబ్ పోతే ఎట్లా? అందుకే...”

తనకి కోపం వస్తుందనుకుంది కనకదుర్గ. రాలేదు. వెళ్ళి లడ్డూ చిదిపి పంచడం మొదలుపెట్టింది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి.

ఎమ్మెస్ చదువుతున్న నమ్రత ప్రసాదం కళ్ళకద్దుకుంది. “సెమిస్టర్ ఫీజుకని దాచింది పెట్టేశానక్కా, స్వామి కాయిన్ కదా అని. మీక్కూడా పోయినట్టేగా?”

అవునంటే సరిపోయేది. శశికాంత్ దూరం నుంచి ఇటే చూస్తున్నాడు.

“మాకేం పోలేదమ్మా,” అంది కనకదుర్గ. “అమ్మింది మేమే.”

ఆమె ఇంకో ముక్క తీసి వరసలో ఉన్నవాళ్ళ ముందుకు చెయ్యి చాపింది. తీసుకోవడానికి ఎవరి చెయ్యీ రాలేదు.